భర్తపై చేయిచేసుకున్న భార్య: కేసు కాగితాల్లో కనిపించని ఏళ్లు

నమస్కారం. భర్తను భార్య గాయపరిచిందనో, ప్రాణం తీసిందనో వార్త వస్తే, నల్లగొండలోనైనా పాలమూరులోనైనా అందరూ అడిగేది ఆ రాత్రి ఏం జరిగిందని. అంతకుముందు ఆ కాపురం ఎలా సాగిందో, పుట్టింట్లో ఆమె ఏం చూస్తూ పెరిగిందో అడిగేవారు అరుదు. అది అడగనిదే దర్యాప్తు గాని, తీర్పు గాని, చికిత్స గాని పూర్తికాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

భాగస్వామిపై హింసకు పాల్పడిన స్త్రీల గురించి వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనల్లో ఒక విషయం పదేపదే బయటపడింది. వారిలో చాలామంది అదే భాగస్వామి చేతిలో దెబ్బలు తిన్నవారు. బాల్యంలోనూ హింసనో లైంగిక వేధింపులనో అనుభవించినవారు ఎందరో. ఏళ్ల తరబడి భయంతో బతికిన ఇల్లాలు, గుమ్మంలో చెప్పులు విడిచే చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో పసిగడుతుంది. నిద్ర కరువై, ఒళ్లంతా ఎప్పుడూ బిగుసుకుపోయి ఉండడంతో, బయటివారికి చిన్నగా తోచిన బెదిరింపు కూడా ఆమెకు ప్రాణగండంలా అనిపిస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన, 18–49 ఏళ్ల స్త్రీలలో 36.9 శాతం మంది భర్త హింసను ఎదుర్కొన్నారు. అందులో ఎక్కువ భాగం కాగితం మీదికి ఎక్కదు. పగిలిన పెదవితో ఆసుపత్రికి వచ్చినామె జారిపడ్డానంటుంది, చీటీ మీద అదే రాస్తారు. పెద్దమనుషులు "సర్దుకపో బిడ్డా" అని పంపిస్తారు. తీరా ఆమె కత్తిపీట ఎత్తిన రోజున, పాత దెబ్బలకు సాక్ష్యం ఏదని అడుగుతారు.

తాగివచ్చి కొట్టే భర్త చేతిలోని కర్ర లాక్కొని ఒక మహిళ తిరిగి కొట్టగా అతడు మరణించిన కేసులో, ఆమె అనుభవించిన దీర్ఘకాల హింసను గౌహతి హైకోర్టు 2013లో పరిగణనలోకి తీసుకుని, నేరాన్ని హత్య కిందకు రాని నరహత్యగా తగ్గించింది. శిక్షే ఉండకూడదని నేను అనడం లేదు. ఆస్తి కోసమో మరో సంబంధం కోసమో భర్తను హింసించే స్త్రీలూ ఉన్నారు. అక్కడ బాధితుడు ఆ మగవాడే, అతని మాటా వినాలి.

అందుకే మొదటి దెబ్బకే నమోదు జరగాలి. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి రాసే నివేదికకు పోలీసు కేసు ఉండనవసరం లేదు. మహిళా సహాయవాణి 181కు ఫోన్ చేసినా, హింసకు గురైన స్త్రీలకు సాయపడే జిల్లా సఖి కేంద్రానికి వెళ్లినా ఆ దారి చూపిస్తారు.