గడ్డ కరిగిందన్నారు, దమ్ము మాత్రం తగ్గలేదా? పాత ఫైల్ తీయండి

నమస్కారం. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టి, ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చినవాళ్ల కోసం ఈ వీడియో. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే వాళ్ల ఫైల్ పక్కన పెట్టుకుని చూడండి. డిశ్చార్జి కాగితం, ఎకో రిపోర్ట్, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ. ఈ మూడు చాలు.

ముందు ఇది చూడండి. బత్తాయి తోటలో వేసే డ్రిప్ లాటరల్, 16 ఎంఎం పైపు. హాలియా వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒక రైతును అడిగి తెప్పించుకున్నాను. బ్లేడుతో నిలువునా చీల్చాను, కెమెరా దగ్గర పెడుతున్నా. లోపల గోడకు తెల్లగా ఉప్పు పట్టింది, కనిపిస్తోందా? గోరుతో గీకితే పెచ్చులా లేస్తుంది. వట్టి నీళ్లు ఎంత వదిలినా కదలదు. నల్లగొండ బోరు నీళ్లతో తోట పెంచినవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ దాదాపు ఇలాగే జరుగుతుంది. కొత్త గడ్డ మెత్తగా ఉంటుంది, చాలామందిలో కరిగిపోతుంది. కొందరిలో కరగకుండా నాళం గోడకు అతుక్కుని, మచ్చలా గట్టిపడుతుంది. దారి ఇరుకైతే గుండెలో కుడి వైపు గది మరింత బలంగా నెట్టాలి. పైపులు పూడితే మోటారు మీద లోడు పడ్డట్టే. పైగా, మూసుకున్న నాళాల్లో పోవాల్సిన రక్తమంతా తెరిచి ఉన్నవాటి మీద పడుతుంది. కొన్నాళ్లకు అవీ దెబ్బతింటాయి. దీన్ని మేం సీటెఫ్ (CTEPH) అంటాం. అంటే కరగని పాత గడ్డల వల్ల ఊపిరితిత్తుల నాళాల్లో బీపీ పెరగడం. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. ఆ బీపీ బాగానే ఉన్నా ఇది ఉండొచ్చు.

గడ్డ నుంచి బయటపడిన ప్రతి 100 మందిలో సుమారు 2 నుంచి 4 మందికి ఇది వస్తుంది. ఆ కొద్దిమందిలో మీరున్నారో లేదో తెలియాలంటే ఫైల్ తెరవాలి.

మొదట, గడ్డ ఎందుకు కట్టిందని రాశారో చూడండి. ఆపరేషన్ తర్వాతో, కాలికి సిమెంటు పట్టీ వేసి మంచంలో ఉన్నప్పుడో కట్టిందంటే భయం కొంత తక్కువ. ఏ కారణమూ లేకుండా కట్టినా, పెద్ద గడ్డ అయినా, రెండోసారి వచ్చినా జాగ్రత్తగా ఉండాలి. ఆయాసం మొదలైన ఎన్ని రోజులకు జబ్బు బయటపడిందో కూడా గుర్తు చేసుకోండి. నీరసమనుకుని, గ్యాస్ అనుకుని సూదులు వేయించుకుంటూ రెండు వారాలు దాటిపోయిందా? అది డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఈ పైపు తెచ్చిన రైతు సంగతి చెబుతాను. ఆరు నెలలు రక్తం పలుచన మాత్రలు వేసుకుని ఆపేశాడు. అయినా గట్టు ఎక్కితే దమ్ము. ఒకచోట ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, ఏడాది పీల్చాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు పాత ఆపరేషన్లు ఏమైనా ఉన్నాయా అని అడిగితే లేవన్నాడు. స్టెతస్కోప్ పెట్టడానికి చొక్కా ఎత్తితే పొట్ట మధ్యలో పొడవాటి కుట్ల మచ్చ. ‘అది పాతది మేడం, విజయవాడ రోడ్డు మీద బండి పడ్డప్పుడు ప్లీహం తీసేశారు. దానికీ దమ్ముకూ ఏం సంబంధం?’ అన్నాడు.

సంబంధం ఉంది. పాడైన ఎర్ర రక్తకణాలను ఏరేసేది ప్లీహమే. అది లేకపోతే ఆ కణాలు రక్తంలోనే తిరుగుతాయి, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి, గడ్డ కట్టే గుణం ఎక్కువవుతుంది. ఆపరేషనైన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా ఈ ముప్పు ఉంటుంది. హైవేల పక్కన ఉన్న మన ఊళ్లలో ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లు తక్కువేమీ కాదు. అందుకే ఈ ఒక్క విషయం దగ్గర ఇంతసేపు ఆగాను.

ఇప్పుడు మందుల చీటీ. థైరాయిడ్ మాత్ర ఉందా? ఆ మాత్ర వాడేవాళ్లలో సీటెఫ్ కొంత ఎక్కువగా కనిపిస్తుంది. దయచేసి ఈ మాట విని మాత్ర మానేయకండి. గడ్డ కట్టిన చరిత్ర లేని అక్కలూ అమ్మలూ దీని గురించి టెన్షన్ పడనక్కర్లేదు. వరుసగా గర్భాలు పోయిన ఆడవాళ్లు మాత్రం యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష గురించి అడగాలి, గడ్డ కట్టే గుణం ఉందేమో చూసే రక్త పరీక్ష అది. పాత క్యాన్సర్, ఏళ్ల తరబడి పేగుల వాపు, ఇన్‌ఫెక్షన్ వచ్చిన పేస్‌మేకర్ తీగ, మెదడులో చేరిన నీటిని గుండెలోకి వదలడానికి వేసిన షంటు గొట్టం, ఇవి ఉన్నా చెప్పండి. ‘ఓ’ కాని బ్లడ్ గ్రూపుల్లోనూ ముప్పు కాస్త ఎక్కువే, కానీ దాన్ని మార్చలేం కదా, వదిలేయండి.

ఎకో రిపోర్టులో ఆర్‌వీఎస్‌పీ (RVSP) అనే అంకె వెతకండి, గుండె కుడి గది ఎంత ఒత్తిడితో నెడుతోందో చెప్పేది అదే. గడ్డ బయటపడిన రోజే అది 60 దాటి ఉంటే, ఆ జబ్బు ఆ రోజు పుట్టింది కాకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న కుడి గది ఒక్కసారిగా అంత ఒత్తిడి పుట్టించలేదు. గడ్డలు లోపల ఎప్పటినుంచో ఉన్నాయేమోనని మాకు అనుమానం వస్తుంది. సీటెఫ్ వచ్చిన నలుగురిలో దాదాపు ఒకరికి, గతంలో ఊపిరితిత్తుల్లో గడ్డ కట్టిన సంగతే తెలియదు.

రక్తం పలుచన మాత్ర కొత్త గడ్డను ఆపుతుంది, గట్టిపడిన పొరను కరిగించదు. ఆ పొరను ఆపరేషన్‌తో ఒలిచి తీసే వీలుంది, దాన్ని ఎండార్టరెక్టమీ అంటారు. కుదరనివాళ్లకు ఇరుకైన నాళాన్ని బెలూన్‌తో వెడల్పు చేసే చికిత్స, నాళాలను సడలించే రియోసిగ్వాట్ మాత్ర ఉన్నాయి. సీటెఫ్ అని తేలితే పలుచన మాత్ర మాత్రం జీవితాంతం వేసుకోవాలి.

మూడు నెలలు మాత్రలు సరిగ్గా వేసుకున్నా మెట్లెక్కితే దమ్ము వస్తోందా, కాళ్లు వాస్తున్నాయా? ఈ ఫైల్ పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఇలాగే అడగండి: ‘సార్, ఎకో మళ్లీ తీయాలా? వీక్యూ స్కాన్ అవసరమా?’ ఊపిరితిత్తుల్లో గాలి, రక్తం ఎక్కడెక్కడికి చేరుతున్నాయో చూపించే ఆ స్కాన్ హైదరాబాద్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న ఆస్పత్రుల్లో చేస్తారు. ఒక్క రోజు పని.