పారిపోయే జంటకు కారే ఇల్లు

సభకు నమస్కారం.

చట్టానికి చిక్కకుండా పారిపోయే జంటల కథలను అమెరికన్ సినిమా 1930ల నుంచీ చెబుతూనే ఉంది. నేరం చేసినవారు తెరమీద శిక్ష తప్పించుకోకూడదన్న హాలీవుడ్ నియమావళి 1934 నుంచి గట్టిగా అమలైంది కాబట్టి, ఆ జంట గతి ఏమవుతుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. ముగింపు ఖాయమైపోయిన కథలో దర్శకుడి ప్రతిభకు మిగిలింది ఆ ముగింపుకు చేరే దారి ఒక్కటే; ఈ కోవ చిత్రాల గొప్పతనమంతా ఆ దారిలోనే ఉందని నా అభిప్రాయం.

1937లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘యూ ఓన్లీ లివ్ వన్స్’ నాటికే సంప్రదాయాలు చాలావరకు కుదురుకున్నాయి: జైలు నుంచి వచ్చినవాడిని బతకనివ్వని లోకం, అతన్ని నమ్మిన భార్య, సరిహద్దు వైపు ప్రయాణం, దారిలోనే పుట్టిన బిడ్డ. నిలువ నీడ లేని ఆ ఇద్దరికీ కారే ఇల్లు.

1950 నాటి ‘గన్ క్రేజీ’లో ఒక బ్యాంకు దోపిడీని జోసెఫ్ లూయిస్ ఎలా తీశాడో గమనించండి. కెమెరా కారు వెనక సీటు వదలదు. ఊళ్లోకి రావడం, బండి ఆపడానికి చోటు దొరుకుతుందా అన్న కంగారు, అతను లోపలికి వెళ్లడం, ఆమె దిగి పోలీసును మాటల్లో పెట్టి కొట్టి పడగొట్టడం, ఇద్దరూ ఉడాయించడం, ఇవన్నీ మూడు నిమిషాలకు పైగా సాగే ఒకే షాటులో నడుస్తాయి. బ్యాంకు లోపల ఏం జరిగిందో మనం చూడనే చూడం. ఎవరైనా వెంటపడుతున్నారేమోనని ఆమె వెనక్కి తిరిగినప్పుడు, ఆ ముఖంలో భయానికి బదులు పట్టలేని ఆనందం కనిపిస్తుంది.

1934లో లూసియానాలో పోలీసుల తూటాలకు బలైన దోపిడీ జంట బానీ పార్కర్, క్లైడ్ బారోల కథను ఆర్థర్ పెన్ 1967లో తెరకెక్కించేసరికి నియమావళి పట్టు సడలింది. అయినా చావు తప్పలేదు. దాని అర్థం మాత్రం మారింది. వేర్వేరు వేగాలతో నడిచిన కెమెరాలు ఆ మరణాన్ని సాగదీసి చూపిస్తుంటే, ప్రేక్షకుడి సానుభూతి చట్టం వైపు మిగలదు.

టెరెన్స్ మాలిక్ ‘బ్యాడ్‌లాండ్స్’ (1973)లో అమ్మాయి విసిగిపోయి వెంట రానంటుంది. అబ్బాయి తన కారు టైరును తానే కాల్చి, పట్టుబడిన చోటికి గుర్తుగా రాళ్లు పేర్చి మరీ లొంగిపోతాడు. తన ముగింపును తానే అలంకరించుకునే నేరస్థుడు అతను.

మగవాడిని నేరంలోకి లాగేది ఆడదేనన్న నింద ‘గన్ క్రేజీ’ వంటి చిత్రాల్లో బలంగా ఉండేది. కాలీ కూరీ రచనతో రిడ్లీ స్కాట్ 1991లో తీసిన ‘థెల్మా అండ్ లూయీస్’ ఇద్దరు స్నేహితురాళ్లనే జంటగా చేసి, అత్యాచార యత్నమే వారిని రోడ్డు పట్టించిందని చూపి, ఆ నిందను తిప్పికొట్టింది. అరవై ఏళ్ల ఈ సంప్రదాయంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా ఎంచే మార్పు ఇదే.