హాంకాంగ్ జనం ఎటువైపు ఉన్నారు? ఊరేగింపులు, సర్వేలు, ఓట్లు: ఏ అంకెను ఎలా చదవాలి

నమస్కారం. హాంకాంగ్ 2019 ఉద్యమం గురించి ఎక్కడ మాట వచ్చినా రెండు వాదనలు వినపడతాయి. నగరం నగరమంతా ప్రజాస్వామ్యం కోసం రోడ్డెక్కింది అనేది మొదటిది. గొడవ చేసింది కొందరు కుర్రాళ్లు, మిగతా జనమంతా నోరు మెదపకుండా ప్రభుత్వం వైపే ఉన్నారు అనేది రెండోది. ఇద్దరూ గట్టిగానే చెప్తారు. కానీ ఇది గొంతు పెంచి తేల్చుకోవాల్సిన విషయం కాదు, లెక్కలున్నాయి. ఊరేగింపుల లెక్కలున్నాయి, సర్వేలున్నాయి, ఒక ఎన్నిక కూడా ఉంది. వీటిలో ఏది ఎంతవరకు నమ్మొచ్చో, ఏది ఎక్కడ పక్కదారి పట్టిస్తుందో చూద్దాం.

ముందు నేపథ్యం రెండు ముక్కల్లో. 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వం నేరస్తుల అప్పగింత బిల్లు ముందుకు తెచ్చింది. అది చట్టమైతే హాంకాంగ్‌లో ఉన్న మనిషిని చైనా ప్రధాన భూభాగంలోని కోర్టులకు అప్పగించే వీలుంటుంది. జనం ఎదురుతిరిగింది అందుకే. జూన్ 15న బిల్లును పక్కన పెట్టారు. వెనక్కి తీసుకుంటామని చెప్పడానికి సెప్టెంబర్ 4 దాకా పట్టింది. ఈలోగా ఆందోళనకారుల డిమాండ్లు ఐదయ్యాయి: బిల్లు పూర్తిగా రద్దు, ‘అల్లర్లు’ అన్న ముద్ర తొలగింపు, అరెస్టయినవాళ్ల మీద కేసుల ఎత్తివేత, పోలీసుల తీరుపై స్వతంత్ర విచారణ, సార్వత్రిక ఓటు హక్కు.

ఇక ఊరేగింపు లెక్క. జూన్ 9న 10 లక్షల 30 వేల మంది వచ్చారని నిర్వాహకులైన సివిల్ హ్యూమన్ రైట్స్ ఫ్రంట్ చెప్పింది. పోలీసులు చెప్పింది 2 లక్షల 40 వేలు. నాలుగు రెట్ల తేడా. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు అనిపిస్తుంది. కానీ పోలీసుల ప్రకటనలో ఒక మాట ఉంది: ‘రద్దీ బాగా ఉన్న సమయానికి’. అంటే ఏదో ఒక క్షణాన రోడ్డు మీద ఎంతమంది ఉన్నారన్నది వాళ్ల లెక్క. నిర్వాహకులు చెప్పింది మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు వచ్చిపోయినవాళ్లందరి లెక్క.

మనమే ఒకసారి లెక్కేద్దాం. విక్టోరియా పార్క్ నుంచి అడ్మిరల్టీలోని ప్రభుత్వ కార్యాలయాల దాకా దారి సుమారు 3 కిలోమీటర్లు. సగటు వెడల్పు 30 మీటర్లు అనుకుందాం. 90 వేల చదరపు మీటర్లు వస్తుంది. చదరపు మీటరుకు ఇద్దరుంటే జనం 1 లక్షా 80 వేలు, ముగ్గురుంటే 2 లక్షల 70 వేలు. పోలీసుల అంకె సరిగ్గా ఈ రెంటి మధ్య పడుతుంది. రోడ్డు ఒక్కసారి నిండితే పట్టే జనం అంత.

మరి రోజంతా అయితే? చదరపు మీటరుకు ఇద్దరు, సెకనుకు అర మీటరు చొప్పున నడుస్తున్నారనుకుందాం. ప్రతి మీటరు వెడల్పులో సెకనుకు ఒకరు దాటుతారు. 30 మీటర్ల రోడ్డులో సెకనుకు 30 మంది, గంటకు 1 లక్షా 8 వేలు. ఏడు గంటలు ఒక్క క్షణం కూడా ఆగకుండా ఇలాగే సాగితే 7 లక్షల 56 వేలు. ఒత్తిడి పెరిగేకొద్దీ నడక నెమ్మదిస్తుంది, ఒక్కోచోట గంటసేపు అడుగు కదలదు. కాబట్టి ఒకే రోడ్డు మీద 10 లక్షలు దాటడం చాలా కష్టం, పక్క రోడ్లు కూడా నిండాలి. జూన్ 16న జరిగింది అదే, జనం పక్క రోడ్లలోకి పొంగిపోయారు. ఆ రోజు నిర్వాహకులు దాదాపు 20 లక్షలన్నారు. పోలీసులు 3 లక్షల 38 వేలన్నారు, అదీ ముందుగా అనుకున్న దారిలో ఉన్నవాళ్లను మాత్రమే లెక్కపెట్టి.

జులై 1 ఊరేగింపుకి మూడో లెక్క కూడా ఉంది. హాంకాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, మరికొందరు నిపుణులు కలిసి పాదచారుల వంతెనల మీద కెమెరాలు పెట్టి, కిందుగా పోయేవాళ్లను కంప్యూటర్‌తో లెక్కించారు. 2 లక్షల 65 వేలు తేలింది. నిర్వాహకులు 5 లక్షల 50 వేలన్నారు, పోలీసులు 1 లక్షా 90 వేలన్నారు. ఈ పద్ధతిలోనూ ఒక లొసుగు ఉంది. వంతెన దాకా రాకముందే వెళ్లిపోయినవాళ్లు, వంతెన దాటాక వచ్చి కలిసినవాళ్లు కెమెరాకు దొరకరు. జనంలో కొందరిని ఆపి ‘మీరు ఆ వంతెన కింద నుంచి వచ్చారా?’ అని అడిగి, వచ్చిన జవాబుల నిష్పత్తితో లెక్క సరిదిద్దాలి. నిర్వాహకుల అంకెలు ఎక్కువ చేసి చెప్పినవే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. అయినా 75 లక్షల జనాభాలో 2 లక్షల 65 వేలంటే ప్రతి వందలో మూడున్నర మంది ఒకే రోజు రోడ్డు మీద నడిచినట్టు. పెంచి చెప్పాల్సిన అవసరమే లేనంత పెద్ద అంకె అది.

ఊరేగింపు లెక్కకు ఇంకో పరిమితి ఉంది. హాంకాంగ్ పబ్లిక్ ఆర్డర్ ఆర్డినెన్స్ ప్రకారం 30 మందికి మించిన ఊరేగింపుకి 7 రోజుల ముందు పోలీసులకు నోటీసివ్వాలి, అభ్యంతరం లేదన్న లేఖ రావాలి. ఆగస్టు నుంచి పోలీసులు చాలాసార్లు అభ్యంతరం చెప్పారు. అప్పుడేమవుతుంది? పిల్లలతో వచ్చే కుటుంబాలు, పెద్దవాళ్లు ఇంట్లో ఉండిపోతారు. అల్లర్ల కేసులో శిక్ష 10 ఏళ్ల దాకా ఉంటుంది మరి. దానికి కూడా తెగించినవాళ్లే వస్తారు. జనం పలచబడతారు, ఘర్షణ పెరుగుతుంది. టీవీలో చూసేవాళ్లకు మాత్రం ‘మద్దతు తగ్గింది, మిగిలింది అల్లరిమూకే’ అన్నట్టు కనిపిస్తుంది. అలా కనిపించడంలో సగం పని నిషేధానిదే.

రోడ్డు మీద కనిపించనివాళ్ల సంగతి సర్వేలు చెప్పాలి. 2019 డిసెంబర్‌లో హాంకాంగ్ పబ్లిక్ ఒపీనియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ రాయిటర్స్ కోసం సుమారు వెయ్యి మందిని అడిగింది. ఉద్యమాన్ని సమర్థించినవాళ్లు 59 శాతం, వ్యతిరేకించినవాళ్లు 30 శాతం. పోలీసుల తీరుపై స్వతంత్ర విచారణ కావాలన్నవాళ్లు 74 శాతం. స్వాతంత్ర్యం కావాలన్నవాళ్లు 17 శాతం.

ఈ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. విచారణ కోరిన 74 మందిలో ఉద్యమ సమర్థకులంతా ఉన్నారనుకున్నా ఇంకా 15 మంది మిగులుతారు. ఉద్యమాన్ని సమర్థించకపోయినా పోలీసుల మీద విచారణ జరగాల్సిందే అన్నవాళ్లు వందకు కనీసం 15 మంది ఉన్నారన్నమాట. అక్కడ ఉద్యమం వైపున్నవాళ్లను ‘పసుపు’ అనీ, ప్రభుత్వం, పోలీసుల వైపున్నవాళ్లను ‘నీలం’ అనీ పిలుస్తారు. ఈ 15 మంది ఏ రంగులోనూ ఇమడరు. ఇక 17 శాతం సంగతి. ఇదంతా వేర్పాటువాదం అన్నది బీజింగ్ వాదన. ఉద్యమాన్ని సమర్థించినవాళ్లలో అత్యధికులు స్వాతంత్ర్యం అడగలేదు. ఆ వాదన అక్కడే తేలిపోయింది.

పోలీసుల మీద నమ్మకం ఎంత త్వరగా కూలిందో చూడాలంటే హాంకాంగ్ చైనీస్ విశ్వవిద్యాలయం సర్వేలు చూడాలి. సున్నా నుంచి పదిలోపు మార్కులేయమంటే, ఉద్యమానికి ముందు పోలీసులకు సున్నా వేసినవాళ్లు 6.5 శాతం. అక్టోబర్‌కి 51.5 శాతం. మధ్యలో జరిగిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది జులై 21 అనుకుంటాను. ఆ రాత్రి యూన్ లాంగ్ రైల్వే స్టేషన్‌లో తెల్లచొక్కాలేసుకున్న గుంపు కర్రలతో ప్రయాణికుల మీద పడింది. 45 మంది గాయపడ్డారు. మొదట వచ్చిన ఇద్దరు పోలీసులు తమ వల్ల కాదని వెనక్కెళ్లారు. 39 నిమిషాల తర్వాత బలగం వచ్చేసరికి ఆ గుంపు స్టేషన్‌లో లేదు. అదే పోలీసులు డిసెంబర్ మొదటికల్లా సుమారు 16 వేల బాష్పవాయు గుళ్లు పేల్చారు. ప్రభుత్వం స్వతంత్ర కమిషన్ వేయకుండా పోలీసు ఫిర్యాదుల మండలికి పని అప్పగించింది. సాక్షులను బలవంతంగా పిలిపించే అధికారం ఆ మండలికి లేదు. సాయానికి పిలిచిన విదేశీ నిపుణుల బృందం ఆ ఏడాది డిసెంబర్‌లోనే తప్పుకుంది.

ఇప్పుడు ఉద్యమాన్ని వ్యతిరేకించిన ఆ 30 శాతం సంగతి. ఉద్యమాన్ని అభిమానించేవాళ్లు వీళ్లను దాటేసి పోతుంటారు, అది తప్పు. వీళ్లందరూ బీజింగ్ డబ్బు తీసుకున్నవాళ్లు కారు. మెట్రో స్టేషన్లు ధ్వంసమయ్యాయి, నచ్చని యజమానుల దుకాణాలు పగలగొట్టారు, ఆగస్టులో విమానాశ్రయం స్తంభించింది. నవంబర్ 11న ఆందోళనకారులతో వాదించిన ఒక వ్యక్తికి నిప్పంటించారు. రెండు రోజులకు షంగ్ షుయిలో ఇటుకలు రువ్వుకుంటుంటే తలకు దెబ్బ తగిలిన 70 ఏళ్ల పారిశుధ్య కార్మికుడు మర్నాడు చనిపోయాడు. ‘ఇది ప్రజాస్వామ్యమా?’ అని అడిగినవాళ్లకు కారణం ఉంది. శాంతియుతంగా నడిచేవాళ్లు, ముందుండి ఘర్షణకు దిగేవాళ్లు ఒకరినొకరు ఖండించుకోకూడదని ఉద్యమం లోపల ఒక ఒప్పందం నడిచింది. 2014లో ప్రజాస్వామ్యం కోసం జరిగిన గొడుగుల ఉద్యమంలో చీలికలతో దెబ్బతిన్నారు కాబట్టి ఆ ఒప్పందం పుట్టింది. దాంతో ఐక్యత నిలిచింది. కానీ నిప్పంటించిన ఘటన లాంటివి జరిగినప్పుడు గట్టిగా ‘ఇది తప్పు’ అనే గొంతు లోపల నుంచి బలంగా రాలేదు. అటూ ఇటూ తేల్చుకోనివాళ్లను పోగొట్టుకున్నది అక్కడే.

అన్నిటికన్నా నమ్మదగిన పరీక్ష 2019 నవంబర్ 24న జరిగిన జిల్లా కౌన్సిల్ ఎన్నిక. నిజానికి ఈ కౌన్సిళ్లు బస్టాపులు, పార్కుల పనులు చూసుకునే సంస్థలు. కానీ ‘మౌనంగా ఉన్న మెజారిటీ మావైపే’ అన్న ప్రభుత్వ వర్గం మాటకు అది రహస్య బ్యాలెట్ మీద జరిగిన పరీక్ష అయింది. 2015లో 47 శాతం ఓటేస్తే ఈసారి 71.2 శాతం, 29 లక్షల 40 వేల మంది ఓటేశారు. 452 స్థానాల్లో దాదాపు 390 ప్రజాస్వామ్యవాదులకు వచ్చాయి. 18 కౌన్సిళ్లలో 17 వాళ్ల చేతికొచ్చాయి.

కానీ ఇక్కడా జాగ్రత్త. సీట్లు 86 శాతం, ఓట్లు మాత్రం సుమారు 57 శాతమే. ఒక్కో వార్డులో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలిచే పద్ధతి కాబట్టి, ప్రతిచోటా కొద్ది తేడాతో గెలిచినా సీట్లన్నీ ఊడ్చుకుపోవచ్చు. ప్రభుత్వ అనుకూల అభ్యర్థులకు 40 శాతం దాటి ఓట్లు పడ్డాయి. ఉద్యమం పక్షాన మెజారిటీ ఉంది, స్పష్టంగా ఉంది. ఏకాభిప్రాయం మాత్రం లేదు. మొదట చెప్పిన రెండు వాదనలూ ఈ ఓట్ల ముందు నిలబడవు. రెండోది పూర్తిగా కూలిపోతుంది, మొదటిదాన్ని సరిదిద్దుకుంటే సరిపోతుంది.

2020 జూన్ 30 రాత్రి 11 గంటలకు బీజింగ్ చేసిన జాతీయ భద్రతా చట్టం హాంకాంగ్‌లో అమల్లోకొచ్చింది. చట్టం పూర్తి పాఠం జనం చదివింది అప్పుడే. వేర్పాటు, ప్రభుత్వ కూల్చివేత, ఉగ్రవాదం, విదేశీ శక్తులతో కుమ్మక్కు అని నాలుగు నేరాలు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. మామూలు కేసుల్లో బెయిలు ఇవ్వడం రివాజు, ఇక్కడ ఇవ్వకపోవడం రివాజు. ఈ కేసులు వినే జడ్జీలను ఎంపిక చేసేది నగర పాలనాధిపతి. జ్యూరీ లేకుండా ముగ్గురు జడ్జీలతో విచారణ జరపొచ్చు. ఆ జులైలో ప్రజాస్వామ్యవాదులు తమ అభ్యర్థులను ఎంచుకోవడానికి సొంతంగా ప్రాథమిక ఎన్నిక పెట్టుకుంటే 6 లక్షల 10 వేల మందికి పైగా ఓటేశారు. దాని మీదే 47 మందిపై కూల్చివేత కుట్ర కేసు పెట్టారు. 2024 నవంబర్‌లో 45 మందికి 4 నుంచి 10 ఏళ్ల శిక్షలు పడ్డాయి. పైన చెప్పిన డిసెంబర్ సర్వే చేసిన సంస్థే ఆ ప్రాథమిక ఎన్నికకు సాంకేతిక సాయం చేసింది; ఓటింగ్‌కు ముందు రోజే పోలీసులు దాని ఆఫీసులో సోదా చేశారు. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ సొంత ఖర్చుతో చేసే సర్వేలన్నీ ఆపేసింది.

అందుకే 2020 తర్వాతి అంకెలను పాత వాటి పక్కన పెట్టి పోల్చకూడదు. 2021 డిసెంబర్ శాసనమండలి ఎన్నికలో పోలింగ్ 30.2 శాతం, 2016లో అది 58 శాతం. జనానికి ఆసక్తి తగ్గిందనుకుంటే పొరపాటు. 90 స్థానాల్లో నేరుగా ఎన్నుకునేవి 20కి తగ్గించారు. అభ్యర్థుల దేశభక్తిని ముందుగా ఒక కమిటీ తేలుస్తుంది. ఖాళీ బ్యాలెట్ వేయమని ఇతరులకు చెప్పడం కూడా నేరమైంది, 3 ఏళ్ల దాకా జైలు. 2023 జిల్లా ఎన్నికలో పోలింగ్ 27.5 శాతం, 470 స్థానాల్లో జనం నేరుగా ఎన్నుకున్నవి 88. బ్రిటన్ కొత్త వీసాతో అక్కడికి వెళ్లి స్థిరపడ్డవాళ్లు లక్షన్నర దాటారు. వాళ్లు ఈ ఓటింగ్‌లోనూ లేరు, నగరంలో జరిగే ఏ సర్వేలోనూ లేరు.

2024లో హాంకాంగ్ మౌలిక చట్టంలోని ఆర్టికల్ 23 కింద రెండో భద్రతా చట్టం తెచ్చేముందు ప్రభుత్వం నెలరోజులు ప్రజాభిప్రాయం తీసుకుంది. 13 వేలకు పైగా లేఖలొచ్చాయనీ, వాటిలో 98.6 శాతం అనుకూలమనీ ప్రకటించింది. వ్యతిరేకించినవి 93. ఆ 93లో కూడా పదికి పైగా విదేశాల్లోని చైనా వ్యతిరేక సంఘాలవీ, పరారీలో ఉన్నవాళ్లవీ అని ప్రభుత్వమే చెప్పింది. వ్యతిరేకంగా రాస్తే ఎవరి జాబితాలో చేరతామో జనానికి తెలియజెప్పే ప్రకటన అది. మార్చి 19న శాసనమండలిలో బిల్లుకు అనుకూలంగా 89 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఒక్కటీ పడలేదు.