గోడ దూకిన యూనివర్సిటీలు: కాలేజీ ఫుట్‌బాల్ కాన్ఫరెన్సులపై చర్చ

(డాలస్ శివారులోని ఒక చిన్న తెలుగు స్టూడియోలో జరిగిన చర్చ ఇది. రికార్డింగ్ విని రాసుకున్నాం. ఒకరి మాట మీద ఇంకొకరు పడ్డచోట సరిచేయలేదు. పేర్లు వేయలేదు. ‘లాంగ్‌హార్న్’ అంటే ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ జట్టు అభిమాని. ‘పుల్‌మన్’ అంటే వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరు.)

యాంకర్: నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ, టీవీకి పని ఎక్కువ. పాక్-12 అని పడమటి తీరంలో వందేళ్ల చరిత్ర ఉన్న కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఆడుకుని టీవీ డబ్బు పంచుకునే కాలేజీల కూటమి. 2023 ఆగస్టుకల్లా కుప్పకూలింది. పన్నెండులో మిగిలినవి రెండు. ఇప్పుడు 2026 జులై 1 నుంచి అదే బోర్డు, కొత్త జట్లు. బోయిజీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, మన టెక్సస్ స్టేట్ వగైరా. నా ప్రశ్న ఒక్కటే. మన దగ్గర ఎమ్మెల్యేలు గోడ దూకితే ఫిరాయింపు అంటాం. యూనివర్సిటీలు దూకితే ఏమనాలి?

లాంగ్‌హార్న్ పెద్దాయన: వ్యాపారం అనాలి. నేను చెప్పేది ఒక్కటే...

యాంకర్: ముందు మేడమ్ గారిని...

లాంగ్‌హార్న్ పెద్దాయన: ఒక్క నిమిషం. ఆస్టిన్‌లో నేను ఎమ్మెస్ చేసినప్పుడు సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఉండేది. టెక్సస్ కాలేజీలన్నీ ఒక గూటి పక్షులు. 1996లో మూతపడింది. అప్పుడెవరూ ఏడవలేదే? టీవీ చూసేవాడు ఎక్కడుంటే డబ్బు అక్కడ. అంతే.

పుల్‌మన్ కుర్రాడు: ఏడ్చారు సార్. రైస్, హ్యూస్టన్, మన డాలస్ ఎస్ఎంయూ యూనివర్సిటీల వాళ్లను అడగండి. ఆ రోజు బయటే మిగిలిపోయింది వాళ్లే.

లాంగ్‌హార్న్ పెద్దాయన: ఎస్ఎంయూ ఇప్పుడు ఏసీసీలో, అదే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఉంది కదా తమ్ముడూ!

పుల్‌మన్ కుర్రాడు: తొమ్మిదేళ్లు ఆ కాన్ఫరెన్స్ టీవీ డబ్బులో వాటా వద్దని రాసిచ్చి చేరింది. జీతం వద్దు, కుర్చీ ఇస్తే చాలు అన్నట్టు.

యాంకర్: అంటే ఎదురు కట్నం ఇచ్చి పార్టీలో చేరినట్టు! భలే. మేడమ్, మీరు చెప్పండి, ఇది ఫిరాయింపేనా?

వాలీబాల్ అమ్మ: ఫిరాయింపో కాదో నాకు తెలీదండి. మా అమ్మాయి పడమటి తీరంలో ఒక యూనివర్సిటీలో వాలీబాల్ ఆడుతుంది. పేరు చెప్పను, దాని స్కాలర్‌షిప్ దానికుండాలి. ఆ స్కూల్ బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌కి వెళ్లింది. పోయిన సీజన్‌లో ఒక వారం శుక్రవారం న్యూజెర్సీలో మ్యాచ్, ఆదివారం మేరీలాండ్‌లో. హాస్టల్‌కి చేరేసరికి తెల్లవారుజాము మూడు. పొద్దున ఆర్గానిక్ కెమిస్ట్రీ మిడ్‌టర్మ్. ఎయిర్‌పోర్ట్ బెంచీ మీద మోకాలికి ఐస్ కట్టుకుని, ఒళ్లో నోట్సు పెట్టుకున్న ఫొటో పంపింది. కింద ‘అమ్మా, పులిహోర గుర్తొస్తోంది’ అని. ఇది ఎవరి టీవీ కోసం?

(ఇక్కడ స్టూడియోలో రెండు క్షణాలు నిశ్శబ్దం. మొత్తం కార్యక్రమంలో ఇదొక్కసారే.)

లాంగ్‌హార్న్ పెద్దాయన: అమ్మా, బాధే. కానీ ఆ స్కాలర్‌షిప్ డబ్బు ఎక్కడిది? ఫుట్‌బాల్‌ది. బిగ్ టెన్ 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో చేసుకున్న ఒప్పందం ఏడేళ్లకి ఏడు బిలియన్ డాలర్ల పైమాట. ఫుట్‌బాల్ లేకపోతే వాలీబాల్ లేదు.

వాలీబాల్ అమ్మ: ఫుట్‌బాల్ వాళ్లు సీజన్‌లో ఎన్నిసార్లు ఎగురుతారు? నాలుగైదు సార్లు, అదీ చార్టర్ విమానంలో. మా వాళ్లు...

లాంగ్‌హార్న్ పెద్దాయన: చార్టర్‌కి కూడా ఫుట్‌బాలే...

వాలీబాల్ అమ్మ: నన్ను పూర్తి చేయనివ్వండి. ఫుట్‌బాల్ ఒక్కటీ ఎక్కడికైనా వెళ్లనివ్వండి. మిగతా ఆటలు ఇంటి దగ్గర ఉంచండి. కుదరదంటారా? నోటర్ డేమ్ ఏం చేస్తోంది? ఫుట్‌బాల్ స్వతంత్రంగా, మిగతా ఆటలు చాలావరకు ఏసీసీలో. ఆరెగన్ స్టేట్, ఈ అబ్బాయి వాళ్ల వాషింగ్టన్ స్టేట్ కూడా విడిపోయాక చాలా ఆటల్ని వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో పెట్టుకున్నాయి కదా.

పుల్‌మన్ కుర్రాడు: అవును మేడమ్, ఫుట్‌బాల్‌కేమో మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ వాళ్లతో మ్యాచ్‌లు కుదుర్చుకున్నారు. అదే నేను చెప్పాలనుకున్నది, నవంబర్ ఆఖరి వారం...

యాంకర్: ఆగండాగండి. మన రాజ్యాంగంలో పదో షెడ్యూల్ ఉంది, 1985లో పెట్టారు. పార్టీ మారితే సభ్యత్వం పోతుంది. ఇక్కడ అలాంటి చట్టం ఎందుకు లేదు?

లాంగ్‌హార్న్ పెద్దాయన: ఉంది! ‘గ్రాంట్ ఆఫ్ రైట్స్’ అంటారు. మా మ్యాచ్‌ల ప్రసార హక్కులు ఫలానా ఏడాది దాకా కాన్ఫరెన్స్‌వే అని ముందే రాసిచ్చేస్తారు. నువ్వు వెళ్లినా నీ బొమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. ఏసీసీలో అది 2036 దాకా. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కోర్టుకెక్కి, 2025లో రాజీ పడ్డాయి.

పుల్‌మన్ కుర్రాడు: పాక్-12కి పాత టీవీ ఒప్పందం 2024తో అయిపోతోంది. కొత్తది కుదరలేదు. కట్టేసే తాడే లేదు, అందుకే...

యాంకర్: మీ టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12 కాన్ఫరెన్స్‌లోంచి ఎలా దూకాయి మరి?

లాంగ్‌హార్న్ పెద్దాయన: దూకలేదు బాబూ! మాటలు తిన్నగా రానివ్వు. 2021లో చెప్పాం, ఒక ఏడాది ముందు వెళ్తున్నందుకు ఇద్దరం కలిపి వంద మిలియన్ డాలర్లు ఒప్పుకున్నాం. 2024లో ఎస్ఈసీ కాన్ఫరెన్స్‌లోకి నడిచి వెళ్లాం. గోడ కాదు, గేటు. గేటు దగ్గర టికెట్ కొన్నాం.

యాంకర్: (నవ్వుతూ) టికెట్ కొని గోడ దూకారు.

లాంగ్‌హార్న్ పెద్దాయన: ఇంకోటి. ఎస్ఈసీకి వెళ్లబట్టే మా పాత పోటీదారు టెక్సస్ ఏ అండ్ ఎమ్‌తో మ్యాచ్ తిరిగి వచ్చింది. 2011 నుంచి ఆగిపోయింది. 2024 నవంబర్ 30న కాలేజ్ స్టేషన్‌లో, 17-7. నేనక్కడే ఉన్నాను. పార్కింగ్ ఎంత దూరం అనుకున్నారు...

వాలీబాల్ అమ్మ: మీకొక పాత మ్యాచ్ తిరిగొస్తే, ఓక్లహోమా స్టేట్‌కి ఓక్లహోమాతో మ్యాచ్ పోయింది కదండీ. బెడ్‌లామ్ అంటారు. ఒకే రాష్ట్రంలో ఇద్దరు, వందేళ్ల పైబడిన పోటీ. 2023లో చివరిది, స్టిల్‌వాటర్‌లో.

లాంగ్‌హార్న్ పెద్దాయన: అది వాళ్ల సమస్య. మా ఓక్లహోమా మ్యాచ్ ఎక్కడికీ పోలేదు. అక్టోబర్‌లో కాటన్ బౌల్‌కి రండి. స్టేట్ ఫెయిర్ మధ్యలో స్టేడియం. యాభై గజాల గీత దగ్గర కత్తితో కోసినట్టు సగం నారింజ, సగం ఎరుపు. బయట కార్న్ డాగ్ నూనె వాసన. మా ఆవిడ శాకాహారి, ఆవిడ కూడా...

(కార్న్ డాగ్ గురించి, అందులో శాకాహారం దొరుకుతుందా అన్నదాని గురించి దాదాపు రెండు నిమిషాలు. వదిలేశాం.)

యాంకర్: సరే, మళ్లీ విషయానికి. పుల్‌మన్ బ్రదర్, మీరు బాధితులు. ఫిరాయింపుదారులకు మీరేమంటారు?

పుల్‌మన్ కుర్రాడు: పుల్‌మన్ అంటే గోధుమ చేల మధ్య చిన్న ఊరు. 2023 ఆగస్టు 4న నేను ల్యాబ్‌లో ఉన్నాను. ఆపిల్ వాళ్ల స్ట్రీమింగ్ ఒప్పందానికి ఆ రోజు అందరూ సరే అంటారని అనుకుంటున్నాం. ఫోన్ మోగినప్పుడల్లా ఒక జట్టు పోయింది. ఆరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి. ఆరిజోనా, ఆరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సాయంత్రానికి మిగిలింది నలుగురు. నెల తిరక్కుండా స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీ) కూడా ఏసీసీకి. అట్లాంటిక్ తీరం పేరున్న కాన్ఫరెన్స్‌లోకి, పసిఫిక్ ఒడ్డు నుంచి!

లాంగ్‌హార్న్ పెద్దాయన: ఎందుకు పోయాయో చెప్పు మరి. బిగ్ 12 వాళ్లు 2022 అక్టోబర్‌లోనే ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌తో సంతకం పెట్టేశారు. వాళ్ల ఆఫీసు ఇక్కడే, మన ఇర్వింగ్‌లో! పాక్-12 వాళ్లు ఎక్కువ ధర కోసం కూర్చున్నారు. ఆలస్యం అమృతం విషం. నేను చెప్పేది ఒక్కటే...

పుల్‌మన్ కుర్రాడు: ఆ తప్పు మా స్కూల్‌ది కాదు కదా సార్. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ 2022లోనే వెళ్లిపోతే లాస్ ఏంజెలెస్ లేని కాన్ఫరెన్స్‌కి ధర ఎవరిస్తారు? అయినా మావాళ్లు, ఆరెగన్ స్టేట్ కలిసి కోర్టులో గెలిచి కాన్ఫరెన్స్ పగ్గాలు చేతిలో పెట్టుకున్నారు. ఆ పేరు, ఆ ఆస్తులు అలా దక్కాయి. కానీ ఇప్పుడు మావాళ్లూ...

యాంకర్: అద్భుతం! అసలు పార్టీ గుర్తు మాదే అని కోర్టుకెళ్లినట్టు!

పుల్‌మన్ కుర్రాడు: ఇప్పుడు మావాళ్లూ మౌంటెన్ వెస్ట్ నుంచి అయిదు జట్లను తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌గా గుర్తింపుకి ఎనిమిది జట్లు ఉండాలి మరి. మాకు జరిగిందే వాళ్లకి చేశాం. అది నాకు...

లాంగ్‌హార్న్ పెద్దాయన: చూశారా! ఒప్పుకున్నాడు! అందరూ వ్యాపారులే.

(ఇది ఓటమి ఒప్పుకోవడం కాదు, నిజాయితీ. కానీ ఆ తర్వాత బల్ల మీద ఆ కుర్రాడి మాటకు బరువు తగ్గింది.)

వాలీబాల్ అమ్మ: ఇదంతా ఎప్పుడు మొదలైందో చెప్పరేం? 1984లో సుప్రీంకోర్టు తీర్పు. అప్పటిదాకా టీవీ హక్కులన్నీ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ చేతిలో ఉండేవి. ఓక్లహోమా, జార్జియా కేసు వేసి గెలిచాయి. ఆ రోజు నుంచి ఎవరి దుకాణం వారిది.

లాంగ్‌హార్న్ పెద్దాయన: మంచిదే కదమ్మా! ఇప్పుడు పిల్లలకే నేరుగా డబ్బిస్తున్నారు. హౌస్ సెటిల్‌మెంట్ అనే కోర్టు రాజీ కింద 2025-26లో ఒక్కో స్కూల్ 20.5 మిలియన్ దాకా పంచొచ్చు. ఇదే ఊళ్లో ఎస్ఎంయూ ఆటగాళ్లకి డబ్బిచ్చిందని 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు. కాలం మారింది.

వాలీబాల్ అమ్మ: అందులో వాలీబాల్ పిల్లకి ఎంతొస్తుంది?

లాంగ్‌హార్న్ పెద్దాయన: అది... మార్కెట్‌ని బట్టి.

యాంకర్: టైమ్ అయిపోతోంది. ఒక్కొక్కరూ ముప్పై సెకన్లు. ఫిరాయింపుల చట్టం కావాలా వద్దా? పెద్దాయన ముందు.

లాంగ్‌హార్న్ పెద్దాయన: అక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే. టీవీ చూసేవాడు ఎక్కడుంటే...

(రెండున్నర నిమిషాలు. మొదట్లో చెప్పినదే, ఈసారి కాలేజ్ స్టేషన్ పార్కింగ్‌తో కలిపి.)

యాంకర్: మేడమ్?

వాలీబాల్ అమ్మ: నా ముప్పై సెకన్లు కూడా ఆయనే వాడేశారు. అమ్మాయికి వచ్చే వారం మళ్లీ ఫ్లైట్ ఉంది, అంతే.

యాంకర్: పుల్‌మన్ బ్రదర్, పది సెకన్లు.

పుల్‌మన్ కుర్రాడు: నవంబర్ ఆఖరి వారం అన్నాను కదా. మా రాష్ట్రంలోనే ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీతో ఆపిల్ కప్ అనే మ్యాచ్ అప్పుడే ఉండేది. 2022లో పుల్‌మన్‌లో జరిగినప్పుడు ఊళ్లో మోటెల్ గది లేదు, మా రెండు గదుల ఇంట్లో పదకొండు మంది పడుకున్నారు. నేను గిన్నెడు ఉప్మా చేశాను. విడిపోయాక 2024లో సెప్టెంబర్‌లో, సియాటెల్‌లో పెట్టారు. మేమే గెలిచాం, 24-19. కానీ చలి లేదు, ఊరు ఊరుకి రాలేదు...

యాంకర్: గెలిచారు కదా, ఇంకేం! వచ్చే వారం ప్లేఆఫ్ విస్తరణ మీద మాట్లాడుకుందాం. పెద్దాయన మళ్లీ మనతోనే ఉంటారు.

లాంగ్‌హార్న్ పెద్దాయన: ఆ పార్కింగ్ సంగతి పూర్తి చేయలేదు...

(సంగీతం.)