మన పేరు మీద వేరొకరు అప్పు తీసుకుంటే ఎవరి దగ్గరకు వెళ్లాలి?

(సోంపేట ప్రాంత మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

మన ఉద్దానంలో పిల్లలు చెన్నైకో గల్ఫ్‌కో పనికి వెళ్లని వీధి లేదు. వెళ్లేముందు ఏజెంటుకు ఆధార్ జిరాక్స్, పాన్ జిరాక్స్, ఫొటోలు ఇచ్చేస్తారు. ఆ కాగితాలు ఎన్ని చేతులు మారతాయో ఎవరికీ తెలీదు. కొన్నాళ్లకు, పేరైనా వినని లోన్ కంపెనీ నుంచి మీకు ఫోన్ వస్తుంది: "మీవాడు వాయిదా కట్టలేదు" అని. వీధిలో పరువు పోతుందన్న భయంతో మెడలో గొలుసు తాకట్టు పెట్టి కట్టేస్తారు. దయచేసి అలా చేయకండమ్మా. ఒక్క వాయిదా కట్టినా, అప్పు మీదేనని ఒప్పుకున్నారని వాళ్లు వాదిస్తారు.

ఖాతాలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు దొంగ ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే బ్యాంకులు అక్కడే ఆపగలవు. దొంగ లోన్ అయితే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టి, వచ్చిన నంబరు రాసి దాచుకోండి.

తర్వాత పోలీస్ స్టేషన్. మనవాళ్లు ఎక్కువగా వెనుదిరిగేది ఇక్కడే. "మీవాడు ఉండేది చెన్నైలో కదా, అక్కడ ఇవ్వండి" అంటే లేచి వచ్చేయకండి. పోలీసులు కేసు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. నేరం ఎక్కడ జరిగినా మీ దగ్గరి స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోవాలని దాని 173వ సెక్షన్ చెబుతోంది. జీరో ఎఫ్‌ఐఆర్ అని అడగండి, కాపీ ఉచితం. కాదంటే అదే ఫిర్యాదు ఎస్పీ గారికి పోస్టులో పంపండి. ఒకరి గుర్తింపును మోసంతో వాడుకుంటే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. నేరం వేరొకడు చేస్తే మీరెందుకమ్మా తల దించుకోవడం?

ఆ ఎఫ్‌ఐఆర్ కాపీని లోన్ కంపెనీకి, మన అప్పుల లెక్క రాసి ఉంచే కంపెనీ సిబిల్‌కి పంపాలి. రేపు ఇంటికో ఆటోకో లోన్ అడిగితే అడ్డుపడేది సిబిల్ రిపోర్టే. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఇలాంటి కంపెనీలే అయిన ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ కూడా అంతే. మీది కాని అప్పు కనబడితే అభ్యంతరం పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. ఈ సంగతి అడగనిదే ఎవరూ చెప్పరు, అందుకే గట్టిగా చెబుతున్నాను. లోన్ కంపెనీ నెల రోజులైనా జవాబివ్వకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అధికారి అంబుడ్స్‌మన్‌కు రాయండి, పైసా ఖర్చుండదు.

ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. రేషన్, పెన్షన్ తీసుకునే రోజు తాళం తీయాలి, అంతే.

రాత రాదని ఎవరూ ఆగొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో తెలుస్తుంది. ఫోన్లు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి, ఇప్పుడే చూద్దాం.