రేడియేషన్‌కు ముందు ఆ ఒక్క కాగితం

వేదిక మీదున్న పెద్దలకు, తోటి వైద్యులకు, నర్సులకు, రేడియేషన్ టెక్నాలజిస్టులకు, అందరికంటే ముఖ్యంగా వైద్యం చేయించుకుంటూ ఇంత ఎండలో ఇక్కడిదాకా వచ్చినవారికి, వారిని వెంటబెట్టుకొచ్చిన ఇంటివాళ్లకు నమస్కారం. ఈ రోజు మార్చి 3, ప్రపంచ వినికిడి దినం. 3 అంకె చెవి ఆకారంలో ఉంటుంది. మూడో నెల, మూడో తేదీ అంటే రెండు చెవులన్నమాట. వెనక కూర్చున్నవారిలో వినపడటం కష్టంగా ఉన్నవారుంటే దయచేసి ముందు వరుసలోకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్, అంటే మన జనం మాటలో కరెంటు పెట్టించుకునేటప్పుడు, వినికిడిని ఎలా కాపాడుకోవాలన్నది నాకిచ్చిన విషయం. కిరణాలు, మందు, తర్వాతి జాగ్రత్తలు అని మూడు భాగాలుగా చెబుదామనుకున్నాను. వాటికంటే ముందు ఒక కాగితం గురించి చెప్పాలి.

నోటికి, గొంతుకు కరెంటు పెట్టాలంటే ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపుతాం. పుచ్చుపళ్లు తీయించి, పుండు మానేదాకా ఆగి, ఆ తర్వాతే మొదలుపెడతాం. ఈ అలవాటు మనకు బాగా కుదిరింది. మరి చెవి సంగతి? అదే ఫైలు తిరగేయండి. బయాప్సీ ఉంటుంది, స్కానింగ్ ఉంటుంది, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఉంటుంది, పళ్ల డాక్టరు చీటీ ఉంటుంది. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష కాగితం మాత్రం చాలా ఫైళ్లలో ఉండదు. అరగంట పరీక్ష. సూది లేదు, మత్తు లేదు. శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినపడగానే బటన్ నొక్కమంటారు, అంతే. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు.

ఆ కాగితం లేకపోతే ఏమవుతుంది? ఆరు నెలల తర్వాత మనిషి వచ్చి "సరిగ్గా వినపడటం లేదండీ" అంటాడు. అప్పుడు చేసిన పరీక్షలో లోపం కనబడుతుంది. అది మందు వల్ల వచ్చిందా, కిరణాల వల్లా, వయసు వల్లా, ఇరవై ఏళ్లు మిల్లు మోతలో పనిచేసినందువల్లా? ఎవరూ తేల్చలేరు. "పెద్దాయన కదా, చెవుడు మామూలే" అని పంపించేస్తాం. ఆ మాట తప్పు. నలభై ఏళ్లవాడికీ అదే మాట చెబుతున్నాం, అది ఇంకా పెద్ద తప్పు.

పరీక్ష చేయించినచోట కూడా ఇంకో పొరపాటు జరుగుతుంది. రిపోర్టు కింద 500, 1000, 2000 హెర్ట్జ్‌ల (ధ్వని ఎంత సన్నదో చెప్పే కొలత) సగటు ఒక్కటే చూసి "నార్మల్" అని రాసేస్తారు. ఈ వైద్యంలో దెబ్బ మొదట తగిలేది అక్కడ కాదు. 4000, 6000, 8000 దగ్గర తగులుతుంది. లోపలి చెవిలో కాక్లియా అని నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగిన భాగం ఉంది. దాని మొదటి చుట్టు సన్నటి ధ్వనులది. కరెంటుతోపాటు ఇచ్చే క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ అక్కడి కణాలను ముందు చంపుతుంది. ఒకసారి పోయిన ఆ కణాలు మనిషిలో మళ్లీ పుట్టవు.

సన్నటి ధ్వనులు పోతే పోనీలే అనుకోకండి. కాలు, పాలు, చాలు, తాలు. ఈ నాలుగు మాటల్లో "ఆలు" అన్న భాగం మందంగా, గట్టిగా ఉంటుంది, అది వినపడుతూనే ఉంటుంది. తేడా అంతా మొదటి అక్షరంలో ఉంది. క, ప, చ, త అన్నవి క్షణంలో వచ్చిపోయే బలహీనమైన ధ్వనులు. అవి జారిపోతే, కోడలు "పాలు చాలా మావయ్యా?" అంటే ఆయనకు మాట్లాడినట్టు వినపడుతుంది, ఏమన్నదో తెలియదు. "వినపడుతోంది, అర్థం కావడంలేదు" అని మనిషి చెప్పినప్పుడు దాన్ని చాదస్తం అనుకోకండి. లోపాన్ని అంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

సరే, కిరణాల దగ్గరికి వద్దాం. చెవిలో దూది పెట్టుకుంటే కిరణాలు ఆగుతాయా అని అడుగుతారు. ఆగవు. మా మిషన్ వాడే శక్తివంతమైన ఎక్స్‌రేకు దూదీ ఒకటే, గాలీ ఒకటే. మిషన్ మోతవల్ల కూడా చెవుడు రాదు, భయపడకండి. చెవిని కాపాడేది ప్లానింగ్ గదిలో, కంప్యూటర్ మీద కాక్లియా చుట్టూ గీసే గీత. సాధారణంగా రోజుకు 2 గ్రే (కిరణాల డోసు కొలత) చొప్పున, వారానికి అయిదు రోజులు, 60 నుంచి 70 గ్రే దాకా ఇస్తాం. కాక్లియాకు సగటున చేరేది 45 గ్రే దాటకూడదని, వీలైతే 35 లోపే ఉంచమని ఏ అవయవానికి ఎంత డోసు దాటకూడదో చెప్పే, 2010లో వచ్చిన క్వాంటెక్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిస్‌ప్లాటిన్ కూడా తోడైతే ఆ అంకె మీద ధీమా పెట్టుకోకూడదు, ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలి.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, కాక్లియా శనగగింజంత ఉంటుంది. ప్లానింగ్ సీటీ 5 మిల్లీమీటర్ల ముక్కలుగా తీస్తే ఒక్క ముక్కలోనే మెరిసి మాయమవుతుంది. 3 మిల్లీమీటర్లకు మించకుండా తీయండి, పుర్రె అడుగున ఇంకా సన్నగా తీస్తే మరీ మంచిది. గీసేటప్పుడు బోన్ విండో, అంటే ఎముకలు స్పష్టంగా కనబడే సెట్టింగు పెట్టుకోండి. మామూలు విండోలో గీస్తే మధ్య చెవిని, అర్ధవృత్తాకార నాళాలను కూడా కలిపేసుకుంటాం, అప్పుడు సగటు అంకె అబద్ధం చెబుతుంది. వినికిడి నరం వచ్చే కాలువను ముందు పట్టుకోండి, దాని కొసకు ముందువైపున కాక్లియా ఉంటుంది. రెండు వైపులా విడివిడిగా గీయండి.

"మాకు వచ్చేవి బుగ్గ క్యాన్సర్లు, చెవి దూరం కదా" అని కొందరు అంటారు. మన దగ్గర గుట్కా, ఖైనీ వల్ల వచ్చే బుగ్గ, చిగురు క్యాన్సర్లలో జబ్బు దవడ వెనక్కి పాకినప్పుడు కిరణాల పరిధి పుర్రె అడుగుదాకా వెళుతుంది. ఆ వైపు కాక్లియా పక్కనే ఉంటుంది. ముక్కు వెనక క్యాన్సర్లలో, పరోటిడ్ (చెవి ముందుండే లాలాజల గ్రంథి) గడ్డల్లో అయితే చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చెవి కోసం గడ్డకు డోసు తగ్గించకూడదు. గడ్డ ఆ చెవినే ఆనుకుని ఉంటే ఆ వైపు వదులుకుని, రెండో చెవిని కాపాడాలి.

నాలుగో వారానికి మనిషి చిక్కిపోతాడు, తల కదలకుండా ముఖం మీద బిగించే మాస్కు వదులవుతుంది. తల 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగినా శనగగింజంత అవయవానికి డోసు లెక్క మారిపోతుంది. టెక్నాలజిస్టు తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మాస్కులో వేలు దూరుతోందని మీకే మొదట తెలుస్తుంది. ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

ఇక మందు. సిస్‌ప్లాటిన్‌ను శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలకోసారి ఇస్తారు, లేదా వారానికి 40 ఇస్తారు. వారం వారం ఇస్తే చెవికి కొంత మేలు. కానీ ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారు 2018లో ప్రచురించిన పరిశోధనలో వారానికి 30 కంటే మూడు వారాలకు 100 ఇచ్చినప్పుడే జబ్బు బాగా అదుపులో ఉంది, ఇబ్బందులు మాత్రం పెరిగాయి. ఆపరేషన్ అయినవారికి వారానికి 40 సరిపోతుందని 2022లో జపాన్ పరిశోధన చూపించింది. వినికిడి ముందే బాగా తగ్గినవారికి సిస్‌ప్లాటిన్ బదులు చదరపు మీటరుకు 15 మిల్లీగ్రాముల చొప్పున వారం వారం డోసిటాక్సెల్ అనే మరో క్యాన్సర్ మందు ఇవ్వవచ్చని కూడా టాటా మెమోరియల్ పరిశోధనే దారి చూపింది. చూశారా, మళ్లీ ఆ కాగితం దగ్గరికే వచ్చాం. వినికిడి ముందే తగ్గిందని ఎలా తెలుస్తుంది? ఆడియోగ్రామ్ లేకుండా మందు ఎంచుకోవడం క్రియాటినిన్ చూడకుండా ఎంచుకోవడం లాంటిదే.

పెద్ద డోసు ఇస్తుంటే ప్రతి డోసుకు ముందు పరీక్ష మళ్లీ చేయించండి. మొదటి కాగితంతో పోల్చి, ఒకే ధ్వని దగ్గర 20 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనపు కొలత) తగ్గినా, పక్కపక్కనే ఉన్న రెండింటి దగ్గర 10 చొప్పున తగ్గినా అది మార్పే. ఇంకోసారి పరీక్షించి, నిజమని తేలితే తర్వాతి డోసు గురించి కూర్చుని మాట్లాడాలి. మనిషి తనకు తేడా తెలియడంలేదంటాడు. 8000 దగ్గర మొదలైన లోపం మాటల దాకా దిగివచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

తెల్లకణాలు తగ్గి జ్వరం వస్తే అమికాసిన్ అనే యాంటీబయాటిక్ పెడతారు, కాళ్లు వాస్తే ఫ్యూరోసెమైడ్ ఇస్తారు. రెండూ చెవికి చేటు చేసేవే, సిస్‌ప్లాటిన్‌తో కలిస్తే మరీనూ. ప్రాణం మీదికొస్తే ఇవ్వక తప్పదు. వేరే మందు కుదిరేచోట అడగండి, అడగడం మీ హక్కు. ఆ నెలల్లో పెళ్లి ఊరేగింపు డీజే బాక్సుల పక్కన నిలబడకండి.

మూడో భాగానికి టైము తక్కువే మిగిలింది, అయినా ఇంట్లోవాళ్లు ఇది వినాలి. కిరణాలు పడిన చెవి లోపలి చర్మం ఎండిపోతుంది, గుబిలి గట్టిపడుతుంది. చెవి దిబ్బడ వేసిందని పిన్నీసు, కోడి ఈక, అగ్గిపుల్ల పెట్టకండి. వెల్లుల్లి కాచిన నూనె పోయకండి. చిన్న గీత పడితే ఆ చోట ఎముక బయటపడి, నెలల తరబడి చీము కారవచ్చు. ఈఎన్టీ డాక్టరు మైక్రోస్కోపు కింద చూస్తూ తీస్తారు.

దిబ్బడకు ఇంకో కారణం, ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం వాచి, కర్ణభేరి వెనక నీరు చేరడం. ఇది లోపలి నరం చెవుడు కాదు. గాలి ద్వారా, ఎముక ద్వారా రెండు రకాలుగా వినికిడి పరీక్షిస్తే తేడా బయటపడుతుంది. చాలామందికి కొంతకాలానికి తగ్గుతుంది. కరెంటు పెట్టిన చెవికి తొందరపడి గ్రోమెట్ (నీరు పోవడానికి కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం) వేస్తే చీము కారడం ఆగకపోవచ్చు, ఆలోచించి చేయాలి.

కిరణాల దెబ్బ వైద్యం అయిపోయిన ఆరు నెలలకు, రెండేళ్లకు కూడా బయటపడుతుంది. అందుకని మూడు నెలలకు, ఆరు నెలలకు, తర్వాత ఏటా ఆడియోగ్రామ్ చేయించండి. లోపం తేలితే వినికిడి మిషన్ పెట్టుకోవడం వాయిదా వేయకండి. చెవి కారుతుంటే లోపల దూర్చే రకం కాకుండా, చెవి వెనక ఎముక మీద ఆనే రకం అడగండి. రెండు చెవులూ బాగా పోయినవారికి, నరం బాగుంటే, కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం కూడా కుదురుతుంది.

బయట వరండాలో వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు కూర్చుని ఉన్నారు. వచ్చే వారం కరెంటు మొదలయ్యేవారు ఎవరైనా ఉంటే, భోజనానికి వెళ్లేముందే ఆమె దగ్గర పేరు రాయించండి.