కరెంటుతో పాటే కీమో ఎందుకు? ఎవరికి వద్దు?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

గుట్కా, గుడాఖు, అడ్డపొగ చుట్ట మన దగ్గర మామూలైపోయాయి. నోటి క్యాన్సర్‌కు సాధారణంగా ముందు ఆపరేషన్ చేస్తారు. గొంతుకు, ఆడవాళ్లలో గర్భసంచి ముఖద్వారానికి వచ్చి ముదిరితే మాత్రం కరెంటు (రేడియేషన్), కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందు) కలిపి రాస్తారు. రెండూ ఒకేసారి మనిషి తట్టుకుంటాడా అని ఇంటివాళ్ల భయం.

కరెంటు క్యాన్సర్ కణంలోని డీఎన్ఏను తెంపుతుంది. కణం దాన్ని మళ్లీ అతుక్కోబోతుంది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఆ అతుకు పడనివ్వదు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 850 మంది స్త్రీలతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 3బి దశ (బాగా ముదిరిన) ముఖద్వారం క్యాన్సర్‌కు కరెంటు ఒక్కటే పెడితే అయిదేళ్లకు 46 శాతం బతికారు, సిస్‌ప్లాటిన్ కలిపితే 54 శాతం. నూటికి ఎనిమిది ప్రాణాలు!

అందరికీ ఇంత లాభం ఉండదు. తల, మెడ క్యాన్సర్లలో 70 ఏళ్లు దాటాక దాదాపు కనిపించదు. కిడ్నీ దెబ్బతిన్నవారికి, చెవుడు ఉన్నవారికి సిస్‌ప్లాటిన్ ప్రమాదం. వాళ్లకు కరెంటు ఒక్కటే రాస్తే తక్కువ వైద్యం చేశారనుకోకండి.

గొంతుకు కరెంటు సాధారణంగా 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), 35 సిట్టింగులు, ఏడు వారాలు. పుచ్చిన పళ్లు కరెంటు మొదలుకు రెండు మూడు వారాల ముందే తీయించుకోవాలి. తర్వాత పీకిస్తే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదముంది. మూడో వారానికి నోరు పూసి ముద్ద దిగదు. మనిషి చిక్కితే ముఖానికి బిగించే మాస్కు వదులై గురి తప్పుతుంది. అందుకే తిండి కోసం ముక్కు గొట్టం వేస్తామంటే కాదనకండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు ఆరేడుసార్లు పుక్కిలించాలి.

సిస్‌ప్లాటిన్‌కు ముందూ వెనకా సెలైన్ ఎక్కించేది కిడ్నీ కోసమే. వాంతులై నీళ్లు నిలవకపోయినా, మూత్రం తగ్గినా ఆ రోజే చెప్పండి. నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకోవద్దు, కిడ్నీకి అది రెండో దెబ్బ. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకండి. తెల్లకణాలు పడిపోయి ఉంటే గంటల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది కోతలకనో పండగకనో మధ్యలో ఇంటికొచ్చేయడం. ఆ విరామంలో మిగిలిన క్యాన్సర్ కణాలు జోరుగా పెరుగుతాయి. విశాఖ వెళ్లినా కటక్ వెళ్లినా మొత్తం వారాలకు బస ముందే చూసుకోండి. రక్తకణాలు తగ్గి డాక్టరు ఒక వారం కీమో ఆపినా కరెంటు మామూలుగా సాగుతూనే ఉంటుంది. కీమో ఆగింది కదా అని రైలెక్కేయకుండా, రేపు సిట్టింగు ఉందా లేదా అని కరెంటు గదిలో అడిగి కదలండి.